విదేశంలో పెళ్లికి అతిథిగా వెళ్తుంటే పెళ్లి రోజు నుంచి వెనక్కి లెక్కపెట్టండి

నాలుగు నెలల్లో స్నేహితురాలి పెళ్లి, అదీ పరాయి దేశంలో, సముద్రం ఒడ్డున. మీతోపాటు అరవై దాటిన అమ్మగారు, నాలుగేళ్ల పాప వస్తున్నారు. ఏది ముందు బుక్ చేయాలి, పెళ్లికి ఎన్ని రోజుల ముందు చేరాలి, ఖర్చు చేయి దాటకుండా ఎలా చూసుకోవాలి అని అడిగారు. ఇలాంటి పెళ్లిళ్లకు వచ్చే అతిథుల ప్రయాణాలు చూసుకోవడం చాలా ఏళ్లుగా నా పని. మీరు ఏ దేశమో రాయలేదు కాబట్టి ఎక్కడికైనా పనికొచ్చే సంగతులు చెప్తాను. చోటును బట్టి మారే విషయాలకు అక్కడక్కడి నుంచి ఉదాహరణలు ఇస్తాను.

మామూలు విహారయాత్రలో విమానం ఒక రోజు ఆలస్యమైతే ఒక రోజు సరదా తగ్గుతుంది, అంతే. పెళ్లి ప్రయాణంలో పోయేది సరిగ్గా ఆ ఒక్క రోజే అయితే మిగతావన్నీ ఉన్నా లేనట్టే. పెళ్లి వేళ మీ కోసం ఆగదు. అందుకే ఈ ప్రయాణానికి సెలవు ఎప్పుడు దొరుకుతుంది, టికెట్ ఎప్పుడు చవక అని మొదలుపెట్టకూడదు. పెళ్లి గంటను పట్టుకుని అక్కడి నుంచి వెనక్కి లెక్కపెట్టుకుంటూ రావాలి. సెలవులు తక్కువైతే పెళ్లి తర్వాతి రోజులు తగ్గించుకోండి, ముందు రోజులు మాత్రం తగ్గించకండి. చాలామంది దీన్ని తిరగేసి చేస్తారు. ముందు రోజు సాయంత్రం దిగి, పెళ్లయ్యాక నాలుగు రోజులు ఊళ్లు తిరిగేలా పెట్టుకుంటారు. ఆ తిరుగుడు నాలుగు రోజుల్లో రెండింటిని ముందుకు జరిపితే ఖర్చు పెరగదు, టెన్షన్ మాత్రం సగానికి సగం పోతుంది.

కాబట్టి ఎన్ని రోజుల ముందు అన్నదానికి నా సమాధానం ఇది: కనీసం రెండు రాత్రులు అక్కడ నిద్రపోయాకే పెళ్లి రావాలి. గడియారం తేడా ఐదారు గంటలు దాటినా, అమ్మగారి వయసువాళ్లు తోడున్నా మూడు రాత్రులు పెట్టుకోండి. అలసట ఒక్కటే దీనికి కారణం కాదు. మీతో రాని పెట్టె సాధారణంగా తర్వాతి విమానంలోనో మర్నాడో వస్తుంది. ఆ చోటికి రోజుకు ఒకే విమానం ఉంటే మీ పెళ్లి బట్టలు ఆ ఒక్కదాని మీదే ఆధారపడతాయి. మధ్యలో మారాల్సిన విమానం తప్పిపోయినా, పాపకు జ్వరం తగిలినా, రెండు రాత్రుల వ్యవధి ఉంటే సర్దుకోవచ్చు.

నేను చూసినంతలో ఎక్కువ ఇబ్బందులు పెద్ద విమాన ప్రయాణంలో రావు, చివరి మజిలీలో వస్తాయి. అంటే పెద్ద విమానాశ్రయంలో దిగాక పెళ్లి జరిగే చోటుకు చేరే ఆ కాస్త దూరం. మాల్దీవుల్నే తీసుకోండి. అక్కడ దూరపు రిసార్టులకు నీళ్ల మీద దిగే చిన్న విమానాలైన సీప్లేన్‌లలో వెళ్లాలి, అవి పగటి వెలుగు ఉన్నంతసేపే ఎగురుతాయి. మధ్యాహ్నం మూడున్నర దాటాక రాజధాని మాలే దగ్గర దిగినవాళ్లకు సాధారణంగా ఆ రోజు సీప్లేన్ దొరకదు. రాత్రి అక్కడే గది తీసుకుని ఉండిపోవాలి. ఒక పెళ్లిలో వధువు మేనత్త తక్కువ ధరకు వచ్చిందని సాయంత్రం దిగే టికెట్ కొనుక్కున్నారు. ఆ రాత్రి విందులో మాట్లాడాల్సిన మనిషి మర్నాడు పొద్దున్న గానీ ద్వీపం చేరలేకపోయారు. టికెట్ మీద మిగిలింది హోటల్ గదికే అయిపోయింది. ఆ సీప్లేన్‌లలో సామానుకు కూడా 20 కిలోల పెట్టె, 5 కిలోల చేతిసంచి అన్న లెక్క సాధారణంగా ఉంటుంది. పెద్ద విమానంలో 30 కిలోలు అనుమతించారు కదా అని సర్దుకొస్తే అక్కడ అదనంగా కట్టాలి.

గ్రీసులోని సాంటొరినీ లాంటి ద్వీపాలకు పడవలో వెళ్దామనుకుంటే, జూలై, ఆగస్టుల్లో మెల్టెమీ అనే ఉత్తరపు గాలులు గట్టిగా వీచే రోజుల్లో పడవలు ఆగిపోతుంటాయి. పెళ్లి రోజు ఉదయం పడవ మీద ఆశ పెట్టుకోకండి. బాలిలో న్యేపి అనే మౌనదినం ఉంటుంది, సాధారణంగా మార్చిలో వస్తుంది. ఆ రోజు విమానాశ్రయాన్ని 24 గంటలు మూసేస్తారు, వీధిలోకి ఎవరినీ రానివ్వరు. దానికి ముందో వెనకో పెళ్లి ఉంటే ఆ తేదీ చూసుకోకుండా టికెట్ కొనకూడదు.

అందుకని పెళ్లివాళ్లను మీరు అడగాల్సిన మొదటి ప్రశ్న హోటల్ గురించి కాదు. "విమానాశ్రయం నుంచి అక్కడికి ఆ రోజు చివరి వాహనం ఎన్ని గంటలకు?" అని అడగండి. సమాధానం వచ్చాకే విమానాలు వెతకండి.

తేదీల విషయంలో తెలివైనవాళ్లు కూడా పొరపడే చోటు ఒకటుంది. టికెట్ మీద శనివారం 00:30 అని ఉంటే మీరు శుక్రవారం రాత్రే విమానాశ్రయంలో ఉండాలి. దిగే సమయం పక్కన "+1" అని ఉంటే మర్నాడు దిగుతారని అర్థం. హోటల్ గదిని కూడా ఆ తేదీకే తీసుకోవాలి. తెల్లవారుజామున నాలుగింటికి దిగేవాళ్లు ముందు రాత్రికి కూడా గది బుక్ చేసుకుంటే మంచిది. లేకపోతే మధ్యాహ్నం దాకా పాపను ఒళ్లో పెట్టుకుని లాబీలో కూర్చోవాలి. ఇంకొకటి, చాలా యూరప్ దేశాల్లో మార్చి చివరి ఆదివారం, అక్టోబరు చివరి ఆదివారం గడియారాలు గంట జరుగుతాయి. పెళ్లి ఆ వారాంతంలో పడితే ఆదివారం కార్యక్రమాల వేళలు మళ్లీ ఒకసారి కనుక్కోండి.

ఇక బుకింగ్ వరుస. ముందు పాస్‌పోర్టులు. అది ఈ రోజే చేయండి. ముగ్గురివీ బయటకు తీసి గడువు తేదీలు చూడండి. ఇండొనేషియా, థాయిలాండ్ లాంటి చోట్ల దిగిన రోజు నుంచి ఆరు నెలలు చెల్లుబాటు ఉండాలి. షెంగెన్ దేశాలకైతే, అంటే ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాలకైతే, మీరు అక్కడి నుంచి బయల్దేరే తేదీ తర్వాత ఇంకా మూడు నెలలు ఉండాలి, పాస్‌పోర్టు జారీ అయి పదేళ్లు దాటి ఉండకూడదు, కనీసం రెండు ఖాళీ పేజీలు ఉండాలి. పిల్లల పాస్‌పోర్టుల గడువు చాలా దేశాల్లో పెద్దవాళ్లకంటే తక్కువ. పాప పుట్టిన కొత్తలో తీసుకున్నది ఉంటే దాని గడువు దగ్గరపడి ఉండొచ్చు. ప్రయాణం ఆగిపోయే కుటుంబాల్లో ఎక్కువసార్లు ఆపేది పిల్లల పాస్‌పోర్టే. టికెట్ మీద పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే అక్షరం పొల్లుపోకుండా ఉండాలి. ఇంటిపేరు ఈ మధ్య మార్చుకుని పాస్‌పోర్టు మార్చుకోనివాళ్లు పాత పేరుతోనే టికెట్ తీసుకోవాలి.

తర్వాత వీసా. నాలుగు నెలలంటే చాలా సమయం అనిపిస్తుంది కానీ పెళ్లిళ్లు ఎక్కువగా పర్యాటకుల రద్దీ కాలంలోనే పెట్టుకుంటారు. అపాయింట్‌మెంట్ దొరకడానికే వారాలు పట్టొచ్చు. షెంగెన్ వీసాకు ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు చేయొచ్చు, 15 రోజుల ముందు వరకే తీసుకుంటారు. నిర్ణయం మామూలుగా 15 రోజుల్లో వస్తుంది, కొన్నిసార్లు 45 రోజులకు కూడా సాగుతుంది. రెండు మూడు దేశాలు తిరిగే ఆలోచన ఉంటే, ప్రయాణంలో ప్రధానమైన దేశం, అంటే ఎక్కువ రోజులు ఉండే దేశపు కార్యాలయంలో దరఖాస్తు చేయాలి. అన్నిచోట్లా సమానంగా ఉంటే మొదట అడుగుపెట్టే దేశం. ఇటలీలో పెళ్లి చూసుకుని, మధ్యలో షెంగెన్‌లో లేని టర్కీకి వెళ్లి, మళ్లీ ఇటలీ నుంచి తిరుగు విమానం ఎక్కాలంటే ఒక్కసారి ప్రవేశానికి ఇచ్చే వీసా చాలదు. ఎక్కువసార్లు ప్రవేశించే వీసా అడగాలి.

పెళ్లికొడుకో పెళ్లికూతురో ఇచ్చిన ఆహ్వాన లేఖ ఒకటి దరఖాస్తుతో జత చేయండి. అందమైన శుభలేఖ బొమ్మ చాలదు. మీ ముగ్గురి పేర్లు, పాస్‌పోర్టు నంబర్లు, పెళ్లి తేదీ, జరిగే చోటు చిరునామా, ఎవరి ఖర్చు ఎవరు పెట్టుకుంటున్నారు అన్నది స్పష్టంగా ఉన్న ఒక పేజీ ఉత్తరం కావాలి. పెళ్లివాళ్లు పనుల్లో మునిగి ఉంటారు కాబట్టి మీరే రాసి పంపి, సంతకం పెట్టి స్కాన్ చేసి పంపమనండి. మీ స్నేహితురాలు పెళ్లికి సాక్షిగా సంతకం చేయమని మిమ్మల్ని అడిగితే, ఏ పత్రాలు అసలువి తేవాలో ఇప్పుడే కనుక్కోండి. అక్కడ రిజిస్ట్రేషన్ చట్టబద్ధంగా జరుగుతుంటే సాక్షుల పాస్‌పోర్టులు అడగడం మామూలే.

వీసా అంటే చాలామంది పెళ్లి జరిగే దేశం గురించే ఆలోచిస్తారు, మధ్యలో విమానం మారే దేశాన్ని మరిచిపోతారు. అమెరికాలో విమానం మారడానికి కూడా వీసా గానీ, వీసా మినహాయింపు దేశాలవాళ్లకు ముందస్తు అనుమతి గానీ తప్పనిసరి. విమానాశ్రయం దాటకపోయినా ఇంతే. కొన్ని దేశాల పాస్‌పోర్టులకు షెంగెన్ విమానాశ్రయాల్లోనూ ట్రాన్సిట్ వీసా కావాలి. చవక టికెట్ ఏ ఊరి మీదుగా వెళ్తోందో చూసి, ఆ దేశ నియమం వాళ్ల ప్రభుత్వ వెబ్‌సైట్‌లోనే చదువుకోండి.

టికెట్ల సంగతికొస్తే, మొత్తం ప్రయాణం ఒకే బుకింగ్‌లో ఉండాలని నేను గట్టిగా చెప్తాను. రెండు వేర్వేరు టికెట్లు కొంటే కొంత డబ్బు మిగిలినట్టు కనిపిస్తుంది. కానీ మొదటిది ఆలస్యమై రెండోది తప్పిపోతే రెండో విమానంవాళ్లకు ఏ బాధ్యతా ఉండదు. మధ్యలో సామాను తీసుకుని మళ్లీ ఇవ్వాల్సి రావచ్చు. అందుకు ఆ దేశంలోకి ప్రవేశించే వీసా కూడా కావాల్సి వస్తుంది. ఒకే బుకింగ్‌లో ఉంటే తర్వాతి విమానంలో చోటు ఇప్పించే పని వాళ్లది. అలాగే వెళ్లేటప్పటి టికెట్‌లో మొదటి విమానం ఎక్కకుండా వేరే దారిలో వెళ్తే, చెప్పకుండా మానేసిన కారణంగా తిరుగు టికెట్ కూడా సాధారణంగా రద్దయిపోతుంది. ప్లాన్ మారితే ముందే ఫోన్ చేసి చెప్పాలి. ఒకే ఊరి నుంచి పదిమందికి పైగా వెళ్తుంటే విమాన సంస్థలను గ్రూప్ ధర అడగొచ్చు. అది ప్రతిసారీ చవక కాదు గానీ, పేర్లు తర్వాత ఇచ్చే వీలు, డబ్బు కొద్దికొద్దిగా కట్టే వీలు సాధారణంగా ఉంటాయి. వీసా చేతికి రాకముందు టికెట్ కొనక తప్పకపోతే, రద్దుకో మార్పుకో అవకాశం ఉన్నదే తీసుకోండి.

బస విషయం కొంచెం లోతుగా చెప్పాలి, ఎందుకంటే ఖర్చు ఇక్కడే ఎక్కువగా అటూ ఇటూ అవుతుంది. పెళ్లివాళ్లు సాధారణంగా కొన్ని గదులను తక్కువ ధరకు కలిపి పట్టి ఉంచుతారు. దానికి ఒక గడువు తేదీ ఉంటుంది, అది దాటితే గదులు హోటల్‌కు తిరిగి వెళ్లిపోతాయి, ధర మామూలుదైపోతుంది. ఆ తేదీ కనుక్కోండి. ఆ గదికి అల్పాహారం కలిసి ఉందా, ముందు ఎంత కట్టాలి, ఎప్పటిదాకా ఉచితంగా రద్దు చేసుకోవచ్చు, పాపకు అదనపు మంచం ఇస్తారా, అమ్మగారికి కింది అంతస్తులోనో లిఫ్ట్ దగ్గరో గది దొరుకుతుందా అన్నవి నేరుగా హోటల్‌నే అడగండి.

పెళ్లి హోటల్ ఖరీదైతే పక్కన చవకైన చోట ఉండొచ్చు, అందులో మొహమాటపడాల్సింది ఏమీ లేదు. అయితే మెక్సికో, కరీబియన్ దీవుల్లో తిండీ తాగుడూ అన్నీ కలిపి ధర తీసుకునే రిసార్టులు చాలా ఉన్నాయి. బయట ఉండి పెళ్లికి మాత్రమే వచ్చే అతిథి దగ్గర అవి రోజు పాస్ రుసుము వసూలు చేస్తుంటాయి. మూడు వేర్వేరు రోజుల్లో కార్యక్రమాలుంటే మూడు పాసులు కొనాలి. దానికి టాక్సీ ఖర్చు కలిపి చూస్తే లోపలి గదే నయమవుతుంది ఒక్కోసారి. రాత్రి పదకొండు తర్వాత తిరుగు వాహనం దొరుకుతుందా అన్నది కూడా చూడాలి. నిద్రపోతున్న పాపను ఎత్తుకుని, అమ్మగారిని వెంటబెట్టుకుని చీకట్లో కారు కోసం నిలబడాల్సి రావడం నాకైతే సమ్మతం కాదు. మీకు నా సలహా: వీలైతే పెళ్లి రోజు రాత్రి, దాని ముందు రాత్రి ఆ హోటల్‌లోనే ఉండండి, మిగతా రాత్రులు చవకైన చోటికి మారండి.

ఖర్చు గురించి. రావడానికి ఒప్పుకునేముందు ఒక కాగితం మీద అన్నీ వేయండి: వీసా రుసుములు, టికెట్లు, అదనపు సామాను, విమానాశ్రయం నుంచి రాకపోకలు, గది, బీమా, రోజూ తిండి, పెళ్లి బట్టలు, బహుమతి, ఫోన్ డేటా. ఏ విందులు పెళ్లివాళ్లవి, ఏవి ఎవరికి వారే పెట్టుకునేవి అని అడగడం తప్పు కాదు. ముందు రోజు పడవ షికారు, పెళ్లి తర్వాత రోజు విహారం లాంటివి చాలాసార్లు అతిథుల ఖర్చే. అన్నిటికీ వెళ్లాలన్న నియమం లేదు. లెక్క చూశాక ముగ్గురం వెళ్లడం భారమనిపిస్తే మీరొక్కరే వెళ్లొచ్చు, అసలు వెళ్లకుండానూ ఉండొచ్చు. కానీ ఆ మాట త్వరగా చెప్పండి. విందు మనిషి లెక్కన, గదులు సంఖ్య లెక్కన ముందే డబ్బు కట్టి ఉంటారు. మూడు నెలల ముందు "రాలేను" అంటే వాళ్లకు బాధ మాత్రమే, మూడు వారాల ముందు అంటే బాధతోపాటు నష్టం. ఇంత దూరం రావడమే పెద్ద కానుకని చాలా జంటలు నిజంగానే అనుకుంటాయి. బహుమతి చిన్నదైనా పర్వాలేదు.

ఆ బహుమతిని వీలైతే మోసుకెళ్లకండి. పెళ్లివాళ్లు ఇంటికి చేరాక అందేలా పంపండి. లేకపోతే దాన్ని మళ్లీ వెనక్కి మోసుకెళ్లే పని కొత్తజంట మీద పడుతుంది. తీసుకెళ్లక తప్పదంటే కాగితం చుట్టకుండా తీసుకెళ్లి అక్కడ చుట్టండి, ఎందుకంటే తనిఖీలో విప్పించే అవకాశం ఉంది. బంధువుల అందరి తరఫునా నగదు మీరు మోస్తుంటే ఒక సంగతి గుర్తుంచుకోండి. అమెరికాలో 10,000 డాలర్లకు మించితే, యూరోపియన్ యూనియన్‌లో 10,000 యూరోలు అంతకు మించితే ప్రవేశించేటప్పుడు అధికారులకు రాసివ్వాలి.

అక్కడ కార్డు వాడేటప్పుడు యంత్రం "మీ సొంత కరెన్సీలో కట్టమంటారా?" అని అడుగుతుంది. ప్రతిసారీ స్థానిక కరెన్సీనే ఎంచుకోండి. సొంత కరెన్సీలో కట్టడం సౌకర్యంలా కనిపిస్తుంది కానీ మారకం రేటు దాదాపు ఎప్పుడూ మీకు నష్టంగానే ఉంటుంది. రెండు వేర్వేరు బ్యాంకుల కార్డులు వేర్వేరు సంచుల్లో పెట్టుకోండి.

బీమా మొదటి బుకింగ్ చేసిన వారంలోనే తీసుకోండి, బయల్దేరే ముందు రోజు కాదు. ముందు తీసుకుంటేనే ఈలోపు ఎవరికైనా ఒంట్లో బాగోక రద్దు చేసుకుంటే రక్షణ ఉంటుంది. షెంగెన్ వీసాకు కనీసం 30,000 యూరోల వైద్య బీమా తప్పనిసరి. దూరపు ద్వీపాల్లో పెళ్లయితే అత్యవసరంగా పెద్ద ఆసుపత్రికి తరలించే ఖర్చు కలిసి ఉందా అని చూడండి, అదే అన్నిటికంటే పెద్ద బిల్లు. అమ్మగారికి బీపీ, షుగర్ లాంటివి ఉంటే దాచకుండా రాయండి. రాయకపోతే క్లెయిమ్ తిరస్కరించడానికి అదే కారణం అవుతుంది. మరొక ముఖ్యమైన విషయం: పెళ్లే రద్దయితే చాలా మామూలు పాలసీలు మీ టికెట్ డబ్బు ఇవ్వవు. అది వాళ్ల జాబితాలో కారణంగా ఉండదు. కాబట్టి రద్దుకు వీలున్న గది, మార్చుకునే వీలున్న టికెట్ తీసుకోవడమే దానికి నిజమైన రక్షణ.

ద్వీపాల్లో అతిథులు స్కూటర్లు అద్దెకు తీసుకుని తిరగడం చాలా చూశాను. ద్విచక్ర వాహనం నడిపే లైసెన్సు, అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ లేకుండా నడిపి పడితే బీమా సంస్థ సాధారణంగా డబ్బు ఇవ్వదు. కారు తీసుకునేవాళ్లకు ఇటలీలో ఇంకో చిక్కు ఉంది. పాత ఊళ్ల నడిబొడ్డున వాహనాలకు నిషేధం ఉన్న ప్రాంతాలకు కెమెరాలు కాపలా కాస్తుంటాయి. తెలియక లోపలికి వెళ్తే నెలల తర్వాత అద్దె సంస్థ ద్వారా జరిమానా ఇంటికొస్తుంది. హోటల్ ఆ ప్రాంతంలోనే ఉంటే కారు నంబరు నమోదు చేయిస్తారా అని వాళ్లను ముందే అడగాలి.

మందుల గురించి నిర్లక్ష్యం వద్దు. అమ్మగారి మందులు ప్రయాణం రోజులకంటే వారం ఎక్కువ పెట్టండి, చేతిసంచిలోనే పెట్టండి, అసలు డబ్బాల్లోనే ఉంచండి, డాక్టరు చీటీ జత చేయండి. చీటీలో మందు అసలు పేరు ఉండాలి, కంపెనీ పేరు దేశానికో రకంగా ఉంటుంది. మన దగ్గర మామూలుగా దొరికే మందు మరోచోట నేరం కావచ్చు. జపాన్‌లో సూడోఎఫెడ్రిన్ అనే పదార్థం 10 శాతానికి మించి ఉన్న జలుబు మందులు తీసుకెళ్లకూడదు. యూఏఈకి కొడీన్, ట్రమడాల్ లాంటి నొప్పి మందులు తీసుకెళ్లాలంటే ముందస్తు అనుమతి కావాలి. సిగరెట్ బదులు వేప్ (ఎలక్ట్రానిక్ సిగరెట్) వాడే బంధువులుంటే సింగపూర్, థాయిలాండ్‌లలో అది నిషేధమని చెప్పండి. మాల్దీవుల్లోకి మద్యం తేనివ్వరు, డ్యూటీఫ్రీలో కొన్న సీసా అయినా విమానాశ్రయంలోనే అట్టేపెట్టుకుంటారు. మొరాకోలో డ్రోన్ తెస్తే కస్టమ్స్‌లోనే ఆపేస్తారు, ఫొటోలు తీసే తమ్ముళ్లకు ఈ మాట చేరేయండి. ఎల్లో ఫీవర్ టీకా పత్రం అడిగే దేశమైతే, ఆ పత్రం టీకా వేసుకున్న పదో రోజు నుంచే చెల్లుతుంది, ఆ తర్వాత జీవితాంతం పనికొస్తుంది.

సామాను సర్దడంలో నాది ఒకే పట్టుదల. పెళ్లి రోజు వేసుకునేవన్నీ చేతిసంచిలోనే ఉండాలి. బట్టలు, నగలు, మందులు, పాపకు ఒక జత, అమ్మగారికి ఒక జత. పెట్టె పోయినా పెళ్లికి హాజరుకాగలగాలి. మిగతావి పెట్టెలో. ముగ్గురికీ మూడు పెట్టెలైతే ప్రతి పెట్టెలోనూ ముగ్గురివీ కొన్ని కలిపి పెట్టండి, ఒకటి రాకపోయినా ఒక్కరికే అన్నీ లేకుండా పోవు. పవర్‌బ్యాంక్ చేతిసంచిలోనే ఉండాలి. 100 వాట్ అవర్ల లోపువి మామూలుగా అనుమతిస్తారు. 20,000 ఎంఏహెచ్ పవర్‌బ్యాంక్ దాదాపు 74 వాట్ అవర్లు, కాబట్టి ఇబ్బంది లేదు. జుట్టు ఆరబెట్టే యంత్రం, స్ట్రెయిటనర్ తీసుకెళ్తుంటే దాని మీద రాసిన వోల్టేజీ చూడండి. అమెరికాలో 120, జపాన్‌లో 100 వోల్టులు, యూరప్‌లో 230. ఒకే వోల్టేజీకి తయారైనది ఎక్కువ వోల్టేజీ ఉన్నచోట పెడితే కాలిపోతుంది, తక్కువ ఉన్నచోట వేడెక్కదు. పిన్ను మార్చే అడాప్టర్ వోల్టేజీని మార్చదు.

పెట్టె రాకపోతే విమానాశ్రయం వదలకముందే అక్కడి కౌంటర్లో ఫిర్యాదు రాయించి నంబరు తీసుకోండి. ఆ తర్వాత మీకు అవసరమైనవి కొన్న రశీదులు దాచండి. విమాన సంస్థల బాధ్యతలను చెప్పే మాంట్రియల్ ఒప్పందం వర్తించే అంతర్జాతీయ ప్రయాణాల్లో, పెట్టె పాడైతే అందిన ఏడు రోజుల్లో, ఆలస్యంగా అందితే అందిన 21 రోజుల్లో రాతపూర్వకంగా అడగాలి. సామానుకు పరిహారం పరిమితి 2024 డిసెంబరు 28 నుంచి మనిషికి, అంతర్జాతీయ ద్రవ్యనిధి సంస్థ వాడే లెక్కలో, 1,519 ఎస్‌డీఆర్‌లు. అందుకే ఖరీదైన నగలు పెట్టెలో వేయవద్దంటాను, వాటి విలువ ఈ పరిమితిని సులువుగా దాటిపోతుంది.

అమ్మగారికి విమానాశ్రయంలో వీల్‌చైర్ కావాలంటే కనీసం 48 గంటల ముందు విమాన సంస్థకు చెప్పండి. నడవగలిగినవాళ్లు కూడా పెద్ద విమానాశ్రయాల్లో ఆ దూరాలకు అలసిపోతారు, దాన్ని చిన్నతనంగా అనుకోవద్దని ఆవిడకు నచ్చజెప్పండి. విమానంలో మధ్యమధ్యలో లేచి నడవాలి, నీళ్లు తాగుతుండాలి. పాప తల్లిదండ్రుల్లో ఒకరితోనే ప్రయాణిస్తుంటే, రెండోవారి సమ్మతి పత్రం, పుట్టిన ధ్రువపత్రం నకలు వెంట ఉంచుకోండి. కెనడా లాంటి దేశాల సరిహద్దు అధికారులు వాటిని అడిగే అవకాశం ఉంది. నిద్ర వేళలు మారడం పిల్లలకు కష్టం, తూర్పు వైపు ప్రయాణంలో పెద్దలకూ ఎక్కువ కష్టం. దిగిన రోజు ఎంత నిద్ర వచ్చినా వెలుతురులో తిప్పి, అక్కడి రాత్రికి పడుకోబెట్టండి. పెళ్లి సాయంత్రం వేళ అయితే ఆ మధ్యాహ్నం పాపను కచ్చితంగా నిద్రపుచ్చండి. ఇదొక్కటి కుదిరితే మీరు పెళ్లి ప్రశాంతంగా చూస్తారు.

వాతావరణం చూసేటప్పుడు దేశం పేరు కాదు, తీరం పేరు చూడండి. థాయిలాండ్‌లోనే ఫుకెట్ వైపు మే నుంచి అక్టోబరు దాకా వానలు, సముయి వైపు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఎక్కువ. అమెరికా వైపు అట్లాంటిక్ తీరంలో, కరీబియన్‌లో తుపానుల కాలం జూన్ 1 నుంచి నవంబరు 30 వరకు. ఇసుకలో, పచ్చికలో, రాతి వీధుల్లో సన్నని మడమల చెప్పులు దిగబడతాయి, వెడల్పు మడమవి తెచ్చుకోండి. ఇటలీలో చర్చిలోపల పెళ్లయితే భుజాలు, మోకాళ్లు కప్పుకునేందుకు ఒక శాలువా కావాలి. పెళ్లికి ముందు రోజు ఎండలో ఈత కొట్టి చర్మం కమిలిపోయి ఫొటోల్లో బాధపడినవాళ్లు ప్రతిచోటా ఒకరిద్దరుంటారు, ఈత పెళ్లి తర్వాతికి ఉంచుకోండి. అయితే స్కూబా డైవింగ్ చేస్తే తిరుగు విమానానికి ముందు కనీసం 18 గంటల విరామం ఉండాలి.

తిరుగు ప్రయాణం పెళ్లి మర్నాడు పొద్దున్నే పెట్టుకోకండి. విందు అర్ధరాత్రి దాకా సాగుతుంది, పాప నిద్ర చెడి ఉంటుంది, సర్దుకోవడం ఇంకా మొదలై ఉండదు. మధ్యాహ్నం తర్వాతి విమానం లేదా ఇంకో రాత్రి ఉంటే మంచిది. చాలామంది అతిథులు ఒకే గంటకు బయల్దేరతారు కాబట్టి విమానాశ్రయానికి వాహనాన్ని పెళ్లికి ముందే మాట్లాడుకోండి, పిల్లల సీటు కావాలని అప్పుడే చెప్పండి. గది ఖాళీ చేసేటప్పుడు లాకర్‌లో పాస్‌పోర్టులు ఉండిపోలేదని మీ కళ్లతో మీరే చూడండి.